పిలవలే

ఫిజీ దీవుల్లో, నాందీ బజారులో, బస్ స్టాండుకి వెనక వీధిలో, నరసింహ దుకాణం ఉండేది. రేడియోలు, టీవీలు, రిమోట్లు బాగుచేస్తామని బోర్డు మీద ఇంగ్లీషులో రాయించి, దాని కింద ఎర్ర రంగుతో తెలుగులో ‘సుస్వాగతము’ అని రాయించుకున్నాడు. ఆ వీధిలో నడిచేవాళ్ళలో దాన్ని చదవగలిగినవాళ్ళు లేరు. రాసిన పెయింటరు కూడా చదవలేడు. నరసింహ కాగితం మీద గీసిచ్చిన గీతలు చూసి గీతలు గీశాడు. అందులో వత్తు ఒకటి జారిపోయి ‘సుసాగతము’ అయి కూర్చుంది. తప్పు పెయింటరుదా, గీసిచ్చినవాడిదా అని అడిగే మనిషి కూడా లేడు కాబట్టి అది అలాగే ఏళ్ళ తరబడి ఎండకి వెలిసింది.

అతనికి రెండు గర్వాలుండేవి. రేడియో తనకి తెలిసినట్టు నాందీలో ఇంకెవరికీ తెలియదన్నది ఒకటి. తెలుగు తనకి వచ్చినట్టు ఈ పడమటి జిల్లాలన్నిటిలోనూ ఇంకెవరికీ రాదన్నది రెండోది. రెండూ చాలావరకు నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది. తనని దిద్దేవాడు లేని మనిషి తప్పు చేస్తే, ఆ తప్పు కూడా ఒప్పుగానే చెలామణీ అవుతుంది.

డెబ్భైలో ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చేనాటికి అతను బడిపిల్లవాడు. అప్పటికే తల్లి లేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తెలుగు వినపడేది, ఆమెతోపాటే అదీ పోయింది. తండ్రి చెరకు నరికే గ్యాంగుతో మాట్లాడే ఫిజీ హిందీయే ఇంటి భాష అయింది. ఆ తర్వాత అతనికి తెలుగు దొరికింది గుడి హాల్లో, ఆదివారం క్లాసులో. సుబ్బయ్య మాస్టారనే పెద్దాయన ఎప్పుడో మద్రాసు నుంచి వచ్చిన వాచకం చేతపట్టుకుని చదివేవాడు. ‘నిజము పలుకవలెను. పెద్దలను గౌరవింపవలెను. ఉదయమే లేవవలెను.’ పిల్లలు ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేవాళ్ళు. ఇంగ్లీషు అక్షరాల్లో పడ్డాక దీర్ఘానికీ హ్రస్వానికీ తేడా ఏముంటుంది? మిగతా పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. నరసింహ మానలేదు. అమ్మ పోయిన ఇంట్లోంచి వచ్చిన పిల్లవాడికి ఆ క్లాసు ఎందుకు కావలసి వచ్చిందో నేను చెప్పనక్కర్లేదు.

పెద్దయ్యాక రాజధాని సువాలో రేడియో పని నేర్చుకుని, నాందీ విమానాశ్రయంలో ఉద్యోగంలో చేరాడు. పసిఫిక్ మీద ఎక్కడో ఎగురుతున్న విమానంతో మాట్లాడే బీరువాలంత పెద్ద ట్రాన్స్‌మిటర్లు అతని చేతికింద ఉండేవి. ఎనభై ఏడులో సైన్యం మనవాళ్ళున్న ప్రభుత్వాన్ని పడగొట్టాక తోటివాళ్ళు చాలామంది ఆక్లండ్ అనీ సిడ్నీ అనీ వెళ్ళిపోయారు. అతను వెళ్ళలేదు. ఉద్యోగం మానేసి బజారులో దుకాణం పెట్టుకున్నాడు. దక్షిణాదివాళ్ళ సంఘం మీటింగుల్లో నాలుగు ముక్కలు తెలుగులో మాట్లాడే పని అతని మీద పడింది. “సభకు నమస్కారము. మన భాషను మనము కాపాడుకొనవలెను” అని మొదలుపెడితే ముందు వరసలో ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. వాళ్ళకి ఎంత అర్థమయ్యేదో దేవుడికి తెలియాలి. నరసింహ మాత్రం ఆ పూట ఛాతీ విరుచుకుని ఇంటికి పోయేవాడు.

జపాన్లో వాడి పారేసిన కార్లు ఓడల మీద ఫిజీకి దిగడం మొదలయ్యాక, వాటితోపాటే బటన్ నొక్కితే తెరుచుకునే తాళాలూ దిగాయి. చెడిపోయిన తాళం ఒకటి విప్పి చూసి నరసింహ ముక్కు మీద వేలేసుకున్నాడు. లోపల చింతగింజంత కూడా లేని చిప్పు ఒకటుంది. అదీ ట్రాన్స్‌మిటరే. విమానాశ్రయంలో తను తుడిచి, నూనె రాసి, తిట్టుకుంటూ కాపాడిన ఆ బీరువాల పని ఇది గుండీ బ్యాటరీ మీద చేస్తోంది. దాని మాట సముద్రం దాటదు, వీధి చివరికి కూడా సరిగా పోదు. పెరడు దాటితే చాలు, అంతకుమించి అడిగేదెవరు? సింగపూర్ నుంచి అలాంటి చిప్పులు తెప్పించి, ప్లాస్టిక్ సబ్బుపెట్టెల్లో బిగించి, తీగలేని గంటలు తయారుచేయడం మొదలుపెట్టాడు. బటన్ ఒకచోట, గంట ఇంకోచోట. జనం బాగానే కొన్నారు.

ఈ చిప్పుల సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. బటన్ నొక్కినప్పుడు అది గాల్లోకి పలికేది ఒకటే మాట, తన పేరు. దాని పక్కన కొన్ని సన్నటి కాళ్ళుంటాయి. ఏ కాలుని దేనికి అతికించామన్నదాన్ని బట్టి దాని పేరు. గంటలో ఉండే చిప్పుకీ అదే పేరు పెడితే, ఆ పేరు వినపడ్డప్పుడే గంట మోగుతుంది. పక్కింటివాళ్ళకి వేరే పేరు పెట్టాలి. ఏ పేరూ పెట్టకుండా కాళ్ళన్నీ ఊరికే వదిలేస్తే, అలా వదిలేసిన ప్రతి బటన్‌కీ ప్రతి గంటా పలుకుతుంది. నాందీ టౌనులో ఇళ్ళు దగ్గరదగ్గర కాబట్టి నరసింహ ఒక్కోదానికీ ఓపిగ్గా పేరు పెట్టేవాడు. పొలాల్లో ఇళ్ళకి మాత్రం పెట్టేవాడు కాదు. చెరకు తోటకి అవతల ఇంకో ఇల్లు. ఇంత బలహీనమైన చిప్పు అంతదూరం ఎక్కడ పోతుందిలే అనుకునేవాడు.

నాందీ ఊరవతల, నవాకాలో అతని పెద్దమ్మ ఉండేది. తల్లికి అక్క, పేరు పాపమ్మ. తమిళుల ఇంటి మనిషి మునస్వామిని చేసుకుంది కాబట్టి ఆ ఇంట్లో తెలుగూ లేదు, తమిళమూ లేదు, అందరిదీ ఫిజీ హిందీయే. మునస్వామి పోయాక కొడుకు రవీంద్ర, కోడలు కుసుమ్ దగ్గర ఉంటోంది. రవీంద్ర చెరకు లారీ నడుపుతాడు. కుసుమ్‌ది ఇంకో దీవిలోని లంబాసా వైపు, పుట్టుకతో హిందీ మాట్లాడే ఇంటి పిల్ల. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే స్టవ్ దగ్గర నవ్వుకుంటూ రొట్టెలు చేసేవాళ్ళు. ఒకరోజు పొద్దున పాపమ్మ నీళ్ళకుండ దగ్గర పడిపోయింది. పక్షవాతం అన్నారు. కుడివైపు పడిపోయింది, దాంతోపాటు ఇంకో వింత జరిగింది. అరవై ఏళ్ళు మాట్లాడిన హిందీ ఆమె నోట్లోంచి తుడిచిపెట్టుకుపోయింది. వింటే అర్థమవుతుంది, పలకబోతే మాత్రం తెలుగే వస్తుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర మాట్లాడిన తెలుగు.

కుసుమ్ భయపడి నరసింహకి కబురుపెట్టింది. అతను వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పాపమ్మ అతని చెయ్యి పట్టుకుని, “కాళ్ళు లాగతా ఉండాయి నాయనా” అంది.

“కా బోలిస్, భయ్యా?” అని అడిగింది కుసుమ్. ఏమంది అని.

“కాళ్ళు నొప్పులట” అన్నాడు నరసింహ. కుసుమ్ నూనె తెచ్చి కాళ్ళు పట్టింది. పాపమ్మ కళ్ళు మూసుకుని హాయిగా నిట్టూర్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో నరసింహ చెప్పిందే పాపమ్మ మాట. ఆమె నోటికీ వాళ్ళ చెవులకీ మధ్య అతనొక్కడే ఉన్నాడు. ఆ సంగతి అతను సంఘంలో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. “నేను తెలుగు కాపాడుకోకపోతే మా పెద్దమ్మ గతేమయ్యేది?” అన్నాడు.

ఆమెకి గంట కూడా అతనే చేసిచ్చాడు. బటన్ ఎడమచేతికి గుడ్డతో కట్టారు. గంట వంటింట్లో, కిటికీ పక్కన. పాపమ్మ నొక్కితే కుసుమ్ వచ్చేది. నీళ్ళకి, దుప్పటికి, ముఖ్యంగా బాత్రూముకి. ఒకరి సాయం లేకుండా లేవలేని మనిషికి ఆ ఒక్క బటనే పరువు. పాపమ్మ దాన్ని అలాగే చూసుకునేది. అవసరం లేకుండా ఒక్కసారి నొక్కేది కాదు. చెరకు తోటకి అవతలి ఇంట్లో కోళ్ళఫారం పెట్టుకున్న భగవాన్ దాన్ని చూసి, “నాకూ ఒకటి చెయ్యి, గుడ్లకి వచ్చేవాళ్ళు గేటు దగ్గర అరిచి అరిచి పోతున్నారు” అన్నాడు. నరసింహ అతనికీ ఒకటి బిగించాడు. దానికీ పేరు పెట్టలేదు.

రెండిళ్ళకీ మధ్య చెరకు మనిషి ఎత్తుని మించి నిలబడి ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. పచ్చటి ఆకుల్లో నీళ్ళుంటాయి. అంత చిన్న చిప్పు మాట ఆ తోటని దాటలేదు. ఆగస్టులో గ్యాంగు వచ్చింది. తోట నరికేశారు, లారీలకెత్తారు, నేల మీద మోళ్ళు మిగిలాయి. రవీంద్ర వంటింటి కిటికీలోంచి భగవాన్ గేటు నేరుగా కనపడసాగింది.

అప్పుడు గంట మోగడం మొదలైంది.

కుసుమ్ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. “క్యా అమ్మా?” పాపమ్మ తెల్లబోయి చూసి, “పిలవలే” అంది. కుసుమ్ వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ మోగింది. మళ్ళీ వచ్చింది. “పిలవలే” అంది పాపమ్మ. బట్టలుతుకుతుంటే మోగింది. అన్నం వార్చుతుంటే మోగింది. వచ్చి చూస్తే ముసలావిడ తల అడ్డంగా ఊపుతూ అదే మాట. ఒక వారం అయ్యేసరికి కుసుమ్‌కి ఏడుపొచ్చింది. నరసింహ దుకాణానికి ఫోన్ చేసింది.

ఆదివారం అతను నవాకా వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకుని, తనకొచ్చిన మంచి తెలుగులో చెప్పాడు. “పెద్దమ్మా, ఊరకనే గంట నొక్కరాదు. అవసరము ఉన్నప్పుడే పిలువవలెను.”

పాపమ్మ మొహం చిన్నబోయింది. “పిలవలే నాయనా” అంది. “నేను పిలవలే.”

“కా బోలిస్?” గుమ్మంలోంచి అడిగింది కుసుమ్.

నరసింహ నవ్వాడు. తల ఊపుతూ, “పిలవాల్సిందే అంటోంది” అన్నాడు. “నేను పిలవాలె, పిలవాలె అంటోంది. మొండితనం. జబ్బు చేసినవాళ్ళు పసిపిల్లలతో సమానం.”

కుసుమ్ పైట కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆమె పనులు మానలేదు. స్నానం చేయించింది, తలదువ్వింది, అన్నం కలిపి పెట్టింది. మాట్లాడడం మాత్రం తగ్గించింది. పాపమ్మకి హిందీ అర్థమవుతుందని చెప్పాను కదా. నరసింహ తన మాటకి చెప్పిన అర్థం ఆమె విన్నది. తను ఒకటంటే అతను ఇంకోటి చెప్పాడని ఆమెకి తెలుసు. ఎందుకలా చెప్పాడో తెలియలేదు. సొంత చెల్లెలి కొడుకు ఎందుకు అబద్ధమాడతాడు? తనే ఏదో తప్పుగా పలికిందేమో, పక్షవాతం నాలుకని కూడా మడతపెట్టిందేమో అనుకుని, వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆ మాటే మరింత జాగ్రత్తగా, మరింత గట్టిగా అనేది. “పిలవలే. పిలవలే.” వాళ్ళకది మరింత మొండితనంగా కనపడేది.

గంట మోగుతూనే ఉంది. రవీంద్ర లారీ దిగి వచ్చిన పూట కూడా మోగింది. అతను విసుగుతో తల్లి మీద అరిచి, తర్వాత బాధపడి బయట కూర్చున్నాడు. అప్పుడు నరసింహ ఒక ఉపాయం చెప్పాడు. ఆ ఉపాయం తట్టినందుకు లోపల మురిసిపోయాడు కూడా. “గంట తీసి అల్మరాలో పెట్టెయ్యండి. బటన్ మాత్రం చేతికి ఉండనివ్వండి. నొక్కుకున్నానన్న తృప్తి ఆవిడకుంటుంది, మీకు గోల తప్పుతుంది.” గంట అల్మరాలోకి పోయింది. కుసుమ్ పనుల మధ్య తనంతట తనే వచ్చి చూసిపోయేది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంది. పాపమ్మకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు చివర, తమిళుల పురటాసి నెలలో ఒక శనివారం రవీంద్ర ఇంట్లో భజన పెట్టుకున్నారు. సంఘంవాళ్ళూ ఇరుగుపొరుగువాళ్ళూ ముందు వరండా నిండా చేరారు. ఒక మూల మగవాళ్ళు మత్తిచ్చే యంగోనా పానీయం గిన్నె చుట్టూ కూర్చున్నారు. నరసింహ తన స్పీకరూ, చొక్కాకి తగిలించుకునే తీగలేని మైకూ తెచ్చాడు. అందులోనూ చిన్న ట్రాన్స్‌మిటరే, కాకపోతే ఇది గొంతుని మోస్తుంది, అదీ తనే బిగించుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న కాగితం చూస్తూ, పిలిస్తే పలికే స్వామి అని అర్థం వచ్చే భజన ఒకటి అందుకున్నాడు. అతని గొంతు స్పీకర్లోంచి ఇల్లంతా మారుమోగింది. కుసుమ్ అరవైమందికి ప్రసాదం చేసే హడావుడిలో వంటింట్లోంచి కదల్లేకపోయింది.

వెనకగదిలో పాపమ్మ నొక్కింది. మళ్ళీ నొక్కింది. తర్వాత కుసుమ్‌ని పేరుపెట్టి పిలిచింది. స్పీకరు మోతలో ఎవరికి వినపడుతుంది? ఆపుకోగలిగినంతసేపు ఆపుకుంది. తర్వాత ఎడమచేత్తో మంచంపట్టీ పట్టుకుని తనే లేవబోయింది.

హారతి అయ్యాక మొదటి ప్రసాదం అత్తగారికి పెడదామని వెళ్ళిన కుసుమ్ గుమ్మంలోనే ఆగిపోయింది. పాపమ్మ మంచానికీ గోడకీ మధ్య నేలమీద ఒరిగి ఉంది. చీర తడిసిపోయింది. బొటనవేలు ఇంకా బటన్‌ని అదిమిపెట్టే ఉంది. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ కుసుమ్ వెనకే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా వచ్చి చూశారు. పాపమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది. కుసుమ్ దుప్పటి లాగి ఆమె మీద కప్పుతుంటే నరసింహ తలుపు దగ్గరికి వచ్చాడు. అతను ఆదుర్దాగానే వచ్చాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

“ఏమైంది? చీరలోనే పోసేసుకుందా?” అన్నాడు.

ఆ మాట ముందు వరండాలో స్పీకర్లోంచి వినపడింది. చొక్కాకి తగిలించిన మైకు అతను ఆపలేదు. ‘చీరలోనే పోసేసుకుందా’ అని స్పీకరు అరవైమందికీ చెప్పింది. ఆ గోల అంతా ఒక్కసారి ఆగిపోయింది. ఎవరో పిల్ల కిసుక్కున నవ్వితే తల్లి దాని నోరు మూసింది.

“భయ్యా, మైకు” అంది కుసుమ్.

అతను మైకు పీకేసుకునేసరికి పాపమ్మ దుప్పటిని తల మీదికి లాక్కుంది. ఎంత పిలిచినా తియ్యలేదు. నరసింహకి తల కొట్టేసినట్టయింది. స్పీకరూ తీగలూ సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. అయినా దారిలో తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. మైకు పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఇన్నిసార్లు ఊరికే పిలిచింది కాబట్టే కదా గంట తీసేయాల్సి వచ్చింది అనుకున్నాడు.

పాపమ్మ మాట్లాడడం మానేసింది. మర్నాడు కుసుమ్ ఆమె చేతి గుడ్డ విప్పి, తడిసిన బటన్‌ని తుడిచి, మూత తీసి, బ్యాటరీ బయటికి తీసి, రెండిటినీ కిటికీలో ఎండకి పెట్టింది. తర్వాత ఎవరినీ అడక్కుండా అల్మరాలోంచి గంట తీసి ప్లగ్గులో పెట్టింది. ఇక ఎన్నిసార్లు మోగినా సరే, వెళ్దాం అనుకుంది. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉండగానే గంట మోగింది. బటన్ కిటికీలో ఉంది. బ్యాటరీ దాని పక్కన ఉంది.

కుసుమ్ బస్సెక్కి నాందీ వచ్చింది. దుకాణంలో ముగ్గురు బేరగాళ్ళున్నారు. వాళ్ళ ముందే ఒక చెయ్యి తెరిచి బటన్, ఇంకో చెయ్యి తెరిచి బ్యాటరీ బల్ల మీద పెట్టింది.

“భయ్యా, బ్యాటరీ లేకుండా కూడా అమ్మే పిలుస్తోందా?” అంది.

అతనికి అప్పుడే అర్థమైపోయింది. అయినా నవాకా వెళ్ళాడు. వంటింటి కిటికీలోంచి చూశాడు. మోళ్ళకి అవతల భగవాన్ గేటు దగ్గర గుడ్ల కోసం ఎవరో వచ్చి బటన్ నొక్కారు. పక్కన గంట మోగింది. భగవాన్ పాపం ఇన్నాళ్ళూ గేటు దగ్గర ఎవరూ లేకుండా గంట మోగినప్పుడల్లా బడిపిల్లల్ని తిట్టిపోస్తున్నాడని తర్వాత తెలిసింది. పాపమ్మకి నిజంగా అవసరమైనప్పుడు వెళ్ళిన పిలుపులు ఆ ఇంట్లో మోగాయి.

నరసింహ అక్కడే బల్ల మీద బటన్‌ని విప్పి, కాళ్ళు రెండు అతికించి, గంటలోనూ అలాగే చేసి, పేరు పెట్టి, కొత్త బ్యాటరీ వేశాడు. టీ చల్లారేలోపు అయిపోయే పని. “మెషీన్ తప్పు” అన్నాడు తలెత్తకుండా. “పేర్లు కలిసిపోయాయి. నాదే పొరపాటు, నేను వేరే పేరు పెట్టాల్సింది.” ఈ పొరపాటు ఒప్పుకోవడం అతనికి పెద్ద కష్టమనిపించలేదు.

రవీంద్ర తల పట్టుకుని కూర్చున్నాడు. కుసుమ్ మాత్రం వదల్లేదు. “అయితే అమ్మ పిలవనేలేదు. మరి పిలవాల్సిందే, పిలవాల్సిందే అని ఎందుకంది?”

నరసింహ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. “జబ్బు మనిషి కదా. మాట సరిగా తిరగదు. ఏదో అనబోయి ఏదో అంటుంది” అన్నాడు.

తలుపు తెరిచే ఉంది. మంచం మీంచి పాపమ్మ అతని వైపు చూసింది. అన్ని రోజుల తర్వాత నోరు తెరిచింది. పసిపిల్లాడికి చెప్పినట్టు, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది.

“ముందర నేను పిలవలే. భజన దినం పిలిస్తిని. ఎవురూ రాలే.”

రాలే. ఆ మాట అతను పుస్తకంలో చదవలేదు. వాళ్ళమ్మ చీకటిపడే వేళ గుమ్మంలో నిలబడి, మిల్లు రోడ్డు వైపు చూస్తూ, “మీ నాయన ఇంకా రాలే” అనేది. రాలే అంటే రాలేదు. తినలే అంటే తినలేదు. పిలవలే అంటే పిలవలేదు. చంకలో ఉన్నప్పుడే విన్న మాట. దాన్ని తీసుకెళ్ళి సుబ్బయ్య మాస్టారి వాచకంలోని ‘వలెను’కి అతికించాడు. పిలవలేదు మొర్రో అని ముసలావిడ మొత్తుకుంటుంటే, పిలిచి తీరతానంటోందని వాళ్ళకి చెప్పాడు. పైగా నవ్వుతూ చెప్పాడు. ఇప్పుడు తన తప్పుని ఆమె నాలుక మీదికే నెట్టాడు.

లేచి వెళ్ళిపోవచ్చు. ఆమె ఏమందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. సంఘంలో ఏ ముసలమ్మా వచ్చి అడగదు. బోర్డు మీది వత్తులాగే ఇదీ గడిచిపోతుంది.

“కా బోలిస్, భయ్యా?” అని అడిగింది కుసుమ్.

“ముందు నేను పిలవలేదు అంటోంది” అన్నాడు నరసింహ. “మొదటి నుంచీ అదే అంటోంది. అమ్మ తప్పు పలకలేదు, కుసుమ్. నాకే రాదు.”

“ఏం రాదు?”

“తెలుగు.”

కుసుమ్ అతని మొహంలోకి చూసింది. తిడితే బాగుండుననిపించింది అతనికి. ఆమె లేచి వెళ్ళి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని, రెండు పాదాలూ పట్టుకుని ఏడ్చింది. రవీంద్ర గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు. నరసింహ కూడా మంచం దగ్గరికి వెళ్ళి, పెద్దమ్మని క్షమించమని అడుగుదామనుకున్నాడు. అతనికొచ్చిన మాట ఒక్కటే, ‘క్షమింపవలెను’. అదీ వాచకంలోదే. వట్టి చేతులతో, వట్టి నోటితో నిలబడిపోయాడు. పాపమ్మే ఎడమచెయ్యి చాపి, “కూసో నాయనా” అంది. ఆ రెండు మాటలూ అతనికి పూర్తిగా అర్థమయ్యాయి.

ఆ ఏడు సంఘం మీటింగులో తెలుగు ప్రసంగం లేదు. ఎందుకు లేదని అడిగితే నరసింహ జరిగింది జరిగినట్టు చెప్పాడు. జనం నమ్మలేదు, వినయం అనుకున్నారు. అదొక కొత్త సిగ్గు. దుకాణం బోర్డు మీద ‘సుసాగతము’ని తెల్లరంగుతో కొట్టించేశాడు. పొలాల్లో అమ్మిన గంటలన్నిటినీ ఇల్లిల్లూ తిరిగి విప్పి పేర్లు పెట్టాడు. మొహం చెల్లక నవాకా వెళ్ళడం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు.

మళ్ళీ చెరకు ఎదిగి, మళ్ళీ నరకడానికి వచ్చిన రోజుల్లో, బ్యాటరీ మార్చే వంకతో వెళ్ళాడు. పాపమ్మ కాస్త చిక్కింది. బటన్ ఎడమచేతికి అలాగే ఉంది. కట్టిన గుడ్డ ఉతికి తెల్లగా ఉంది. అతను బ్యాటరీ తీసి మీటరు పెట్టి చూశాడు. నిండుగా ఉంది. తను పెట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఇంకోసారి చూశాడు. ఆ రోజు తర్వాత ఈ బటన్‌ని ఎవరూ నొక్కలేదు. ఇప్పుడు దానికి పేరుంది, అది పలికితే ఈ ఇంట్లో గంట తప్ప ఇంకే గంటా మోగదు. అయినా ఆమె పిలవడం మానేసింది.

అతను బ్యాటరీ చేతిలో పట్టుకుని కూర్చుని ఉండగానే, వంటింట్లోంచి కుసుమ్ వచ్చింది. గంట ఏమీ మోగలేదు. ఆమె రోజంతా అలా వస్తూనే ఉంటుందని చూస్తేనే తెలుస్తోంది. గుమ్మంలో నిలబడి, లంబాసా యాసలో, తెలుగులో అడిగింది.

“అమ్మా, పిలిచినావా?”

“పిలవలే” అంది పాపమ్మ.

కుసుమ్ దగ్గరికి వచ్చి దుప్పటి సర్ది, తలగడ ఎత్తుచేసి, వెళ్ళబోతూ నరసింహ వైపు చూసింది. అతనికి అర్థం కాలేదేమో అనుకుంది. ఎగతాళి కాదు, నిజంగానే అనుకుంది.

“పిలవలేదంటోంది, భయ్యా” అని అతనికి హిందీలో చెప్పి వెళ్ళింది.

నరసింహ తల ఊపి, పాత బ్యాటరీనే మళ్ళీ లోపల పెట్టి మూత బిగించాడు.